తాపీమేస్త్రి భాష

పిల్లలూ! మీ వీధిలో ఎక్కడైనా కొత్త ఇల్లు కడుతున్నారా? కడుతుంటే ఒక్క పావుగంట సేపు దూరంగా నిలబడి, అక్కడి పనివాళ్ళ మాటలు చెవి ఒగ్గి వినండి. "తూకం చూడరా!", "మట్టం తప్పింది!", "మాలు అందుకో!", "అతుకు మీద అతుకు పడింది, ఆ ఇటుక తీసెయ్!" అని కేకలు వినబడతాయి. అంతా తెలుగే. అయినా సగం మాటలు మీకు అర్థం కావు. మీ నాన్నగారికి కూడా అర్థం కాకపోవచ్చు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. మామూలు మనిషి జీవితంలో ఒక్కసారి ఇల్లు కట్టిస్తాడు. మేస్త్రి ఏడాదికి ఎన్నో ఇళ్ళు కడతాడు. అందుకని మేస్త్రి ఏమి చెప్పినా ఇంటి యజమాని అర్థమయినట్టు తల ఊపుతాడు. కాని రేపు ఆ కప్పు ఉండేది ఆ ఊపిన తల మీదే గదా!

మేస్త్రి మాటలు ఒట్టి పేర్లు కావు. ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క నియమం ఉన్నది. ఆ నియమం పాటిస్తే ఇల్లు నూరేళ్ళు నిలబడుతుంది. తప్పితే గోడ పగులుతుంది, కప్పు కారుతుంది, ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలకే ముప్పు వస్తుంది. అందుచేత ఆ మాటల్లో ముఖ్యమైనవి కొన్ని, ఇల్లు లేచే వరసలోనే తెలుసుకుందాం.

ముగ్గు, మూల

ముగ్గు అనగానే మీకు సంక్రాంతి గుర్తు వస్తుంది. కాని ప్రతి ఇంటికీ మొట్టమొదటి ముగ్గు వేసేది మేస్త్రి. కాగితం మీద గీసిన పటాన్ని చూసి, నేలమీద మేకులు పాతి, దారాలు కట్టి, ఆ దారాల వెంట సున్నపు పొడి పోస్తాడు. దీన్నే "ముగ్గు పోయడం" అంటారు. గోడలు ఎక్కడ వస్తాయో ఆ తెల్లని గీతలు చెబుతాయి.

ముగ్గు పోసేటప్పుడు "మూల కలవాలి" అంటాడు మేస్త్రి. అంటే రెండు గోడలు కలిసేచోట సరిగ్గా లంబకోణం రావాలన్నమాట. చిన్న పనికి ఆయన దగ్గర "మూలమట్టం" అనే పనిముట్టు ఉంటుంది. అది మీ జామెట్రీ పెట్టెలోని మూలమట్టానికి పెద్దన్న. కాని ఇరవై అడుగుల గోడకు అది చాలదు. మూల దగ్గర వెంట్రుకవాసి తప్పు జరిగితే, గోడ రెండో చివరకు పోయేసరికి అది జానెడవుతుంది.

అందుకు మేస్త్రి ఒక కిటుకు చేస్తాడు. మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు కొలిచి గుర్తులు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కలిసినట్టే. ఇందులో ఇంద్రజాలం ఏమీ లేదు. 3ను 3తో హెచ్చిస్తే 9, 4ను 4తో హెచ్చిస్తే 16. రెండూ కలిపితే 25. 5ను 5తో హెచ్చించినా 25 గదా! బడిలో దీన్ని పైథాగొరస్ సిద్ధాంతమని చెబుతారు. మన దేశంలో యజ్ఞవేదికలు కట్టే పద్ధతులు చెప్పిన శుల్బసూత్రాలలో కూడా ఈ లెక్క ఉన్నది. "శుల్బం" అంటే తాడు. తాడు పట్టుకుని మూల కలిపే మేస్త్రి చాలా పాత విద్యను చేతిలో పట్టుకుని ఉన్నాడన్నమాట.

పునాది, బేస్‌మట్టం

తరవాత పునాది. ఇంటి బరువంతా నేలకు అప్పజెప్పేది ఇదే. నేల ఎంత బరువు మోయగలదో దాన్ని బట్టి పునాది వెడల్పూ లోతూ ఉండాలి. బురదలో నడిచేటప్పుడు పాదం దిగబడుతుంది. అదే బురద మీద వెడల్పాటి పలక వేసి నడిస్తే దిగబడదు. బరువు ఎక్కువ చోటులో పరుచుకుంటుంది గనక. పునాదిని గోడకంటే వెడల్పుగా వేయటం అందుకే.

మన ప్రాంతంలో నల్లరేగడి నేలలు చాలా ఉన్నాయి. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెరియలు విచ్చుతుంది. దాని మీద లోతు తక్కువ పునాది వేస్తే, నేలతో పాటు ఇల్లు కూడా ఏటా కొంచెం పైకి లేచి కిందికి దిగుతూ ఉంటుంది. గోడలు పగలక ఏం చేస్తాయి? "గట్టినేల తగిలేదాకా తవ్వాలి" అని మేస్త్రి పట్టుబట్టితే, అది కూలి కోసం అనుకోకండి.

పునాది సంగతి ఉపేక్షిస్తే ఏమవుతుందో ఇటలీ దేశంలోని పీసా గోపురం చెబుతుంది. 1173లో దాన్ని కట్టడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు లేచేసరికే మెత్తని నేల ఒకవైపు కుంగి, గోపురం ఒరిగింది. 1990 నాటికి అది సుమారు 5.5 డిగ్రీలు ఒరిగి, పడిపోతుందేమోనన్న భయం పుట్టింది. జనాన్ని లోపలికి పోనివ్వటం మానేశారు. ఇంజనీర్లు చాలా ఏళ్ళు శ్రమపడి, ఎత్తుగా ఉన్నవైపు పునాది కింద నుంచి మట్టిని కొద్దికొద్దిగా తీశారు. గోపురం కొంచెం వెనక్కు వచ్చి, సుమారు 4 డిగ్రీల దగ్గర నిలిచింది. 2001లో మళ్ళీ తలుపులు తెరిచారు. వంకర గోపురాన్ని చూసి ప్రపంచమంతా ముచ్చటపడుతుంది గాని, ఎవరూ తమ ఇల్లు అలా ఉండాలని కోరరు!

నేలకు పైన, గది గచ్చు వరకు కట్టే కట్టడాన్ని మన మేస్త్రులు "బేస్‌మట్టం" అంటారు. ఇంగ్లీషు "బేస్‌మెంట్" మాట మన వాళ్ళ నోట పడి ఇట్లా అయింది. ఇంగ్లీషులో ఆ మాటకు నేల కింది గది అని అర్థం. మనకు మాత్రం నేలకు పైనున్న పీఠం! మాట మారినా మారిన తీరు బాగుంది. ఎందుకంటే ఆ పీఠం పైభాగం సరిగ్గా "మట్టం"గా ఉండి తీరాలి.

మట్టం, తూకం

ఈ రెండు మాటలూ తెలిస్తే మేస్త్రి భాష సగం వచ్చినట్టే.

"మట్టం" అంటే ఎగుడుదిగుడు లేకుండా సమానంగా ఉండటం. కూలిపోయిన ఇంటిని "నేలమట్టమయింది" అంటాం. అంటే నేలతో సమానమయిందని అర్థం. ఇంట్లో ఈ చివర, ఆ చివర ఒకే ఎత్తులో ఉన్నాయని తెలుసుకోవటం ఎట్లా? మధ్యలో గోడలు అడ్డం వస్తే కంటికి తెలియదు. అప్పుడు ఇద్దరు పనివాళ్ళు నీళ్ళు నింపిన పొడుగాటి గొట్టం తెస్తారు. అద్దం లాగా లోపలి నీళ్ళు కనిపించే గొట్టం అది. ఒకడు ఒక చివర, రెండోవాడు రెండో చివర గోడకు ఆనించి పట్టుకుంటారు. రెండు చివర్లలోనూ నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గుర్తులు పెడతారు. గొట్టం మధ్యలో ఎన్ని మెలికలు తిరిగినా సరే, ఆ రెండు గుర్తులూ ఒకే ఎత్తులో ఉంటాయి. నీళ్ళు ఎప్పుడూ తమ మట్టం తామే వెతుక్కుంటాయి. కాని గొట్టంలో గాలి బుడగ చిక్కుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. మంచి పనివాడు ముందుగా బుడగలు పోగొడతాడు.

"తూకం" అంటే గోడ నిట్టనిలువుగా ఉండటం. కూరగాయల తూకం కాదు సుమా! దీన్ని చూడటానికి "తూకం గుండు" ఉంటుంది. దారానికి వేలాడే బరువైన ఇనుప గుండు, దారం మీద జరిగే ఒక చిన్న బిళ్ళ, అంతే దాని సరంజామా. గుండు ఎంత వెడల్పో బిళ్ళ అంత వెడల్పు ఉంటుంది. బిళ్ళను గోడ పైభాగానికి ఆనించి గుండును కిందికి వదులుతారు. గుండు గోడను అంటీ అంటనట్టు నిలిస్తే గోడ తూకంలో ఉన్నట్టు. దూరంగా వేలాడితే గోడ పైభాగం బయటికి వాలినట్టు. గోడకు ఒరుసుకుని ఆగిపోతే గోడ పైభాగం లోపలికి వాలినట్టు. ఆ దారాన్ని సరిగా నిలబెట్టేది భూమి ఆకర్షణ. ప్రాచీన ఈజిప్టు దేశపు పనివాళ్ళు కూడా తూకం గుండు వాడారు. వేల ఏళ్ళు గడిచినా దీని రూపం పెద్దగా మారలేదు. మారవలసిన అవసరం రాలేదు.

ఇటుక, అతుకు, మాలు

మన దేశపు ప్రమాణం ప్రకారం ఇటుక పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 9. ఇదేమి లెక్క అనుకుంటున్నారా? రెండు ఇటుకలను పక్కపక్కన అడ్డంగా పెట్టి, మధ్య ఒక సెంటీమీటరు అతుకు వదలండి. 9, 1, 9 కలిపితే 19. అంటే రెండు అడ్డ ఇటుకల మీద ఒక పొడుగు ఇటుక సరిగ్గా కూర్చుంటుంది!

గోడలో ఒక్కొక్క వరసను కొందరు మేస్త్రులు "రద్దా" అంటారు. కింది రద్దాలో రెండు ఇటుకలు కలిసేచోటు అతుకు. పై రద్దాలో ఇటుక ఆ అతుకును కప్పుతూ కూర్చోవాలి. అప్పుడు ఒక ఇటుక బరువు కిందనున్న రెండు ఇటుకలకు, ఆ రెంటి బరువు మూడింటికి పంచుకుపోతుంది. అతుకు మీద అతుకు పడితే పైనుంచి కిందికి ఒకే గీత ఏర్పడి, గోడ ఆ గీత వెంటనే చీలుతుంది. మేస్త్రి ఆ కేక వేసింది అందుకే.

ఇటుకలను అతికించే ముద్ద పేరు "మాలు". సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపితే సిమెంటు మాలు. వెనక సిమెంటు లేని రోజుల్లో సున్నపు మాలు ఉండేది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్ళు చల్లి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నలగగొట్టేవారు. అదే "గానుగ సున్నం". తెలంగాణలో "డంగు సున్నం" అంటారు. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ కూడా అందులో కలపటం కద్దు. ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. హైదరాబాదులో 1591లో కట్టిన చార్‌మినారును నిలబెట్టింది సున్నపు మాలే.

మాలు వేసే పనిముట్టు "తాపీ". దాన్ని బట్టే తాపీపని, తాపీమేస్త్రి అన్న పేర్లు వచ్చాయి. తొందరపడకుండా ఉండటాన్ని మనం "తాపీగా" ఉండటం అంటాం. కాని తాపీమేస్త్రికి తాపీగా ఉండే వీలు లేదు! నీళ్ళు కలిపిన సిమెంటు మాలును సుమారు అరగంటలోగా వాడెయ్యాలి. బిగుసుకోవటం మొదలుపెట్టిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి వాడితే దానికి బలం ఉండదు. ఇటుకలను ముందుగా నీళ్ళలో నానబెట్టడం కూడా ఇందుకే. ఎండిన ఇటుక మాలులోని నీళ్ళను తాగేస్తుంది. అప్పుడు మాలు బిగవకుండానే పొడిబారిపోతుంది.

సెంట్రింగు, కడ్డీలు

ఇక ఇంటి కప్పు. స్లాబు పోసే ముందు కింద కర్రలో ఇనుప గుంజలో నిలబెట్టి, వాటి మీద పలకలు పరుస్తారు. దీన్ని పల్లెటూళ్ళో కూడా "సెంట్రింగు" అనే అంటారు. ఇది ఇంగ్లీషు మాటే. కాని ఇంగ్లీషులో దీని అసలు అర్థం, రాతి కమాను కట్టేటప్పుడు కింద ఆసరాగా పెట్టే కొయ్య చట్రం. కమానులో నడిమి రాయి పడేదాకా మిగతా రాళ్ళు వాటంతట అవి నిలవవు. అందాకా ఆ చట్రం వాటిని మోస్తుంది. ఇప్పుడు కమానులు అరుదయిపోయాయి గాని, మాట మాత్రం స్లాబు కిందికి వచ్చి చేరింది. పని కూడా అదే: తన కాళ్ళ మీద తాను నిలబడేదాకా కప్పును మోయటం.

కాంక్రీటు స్వభావం ఒకటి మీరు సుద్దముక్కతో పరీక్షించవచ్చు. సుద్దముక్కను నిలబెట్టి పైనుంచి నొక్కండి. ఊరికే విరగదు. రెండు చివరలూ పట్టుకుని వంచండి. టక్కున విరుగుతుంది! కాంక్రీటు కూడా అంతే. నొక్కుడును తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోలేదు. రెండు గోడల మీద ఆనిన స్లాబు బరువుకు మధ్యలో కొంచెం కిందికి వంగజూస్తుంది. అప్పుడు దాని కిందివైపు సాగుతుంది. అందుకని ఇనుప కడ్డీలను స్లాబులో కిందివైపున పెడతారు. లాగుడును అవి భరిస్తాయి. ఎండకు ఇనుమూ కాంక్రీటూ దాదాపు సమానంగా వ్యాకోచిస్తాయి గనక వాటికి పేచీ రాదు. ఈ జోడీని ఉపయోగించిన మొదటివారిలో ఫ్రాన్సు దేశపు తోటమాలి ఒకడు. పేరు జోసెఫ్ మోనియే. పూలతొట్లు పగలకుండా ఉండాలని సిమెంటులో ఇనుప తీగల వల పెట్టి, 1867లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మన మేడలన్నిటికీ ఆ పూలతొట్టి చుట్టమే!

కిటికీ పైన గోడలోంచి ముందుకు వచ్చే నీడపలకను సన్‌షేడు అనీ, ఛజ్జా అనీ అంటారు. దాని సంగతి పూర్తిగా తలకిందులు. దానికి ఒక్క చివరే ఆధారం. కొస కిందికి వంగజూస్తుంది గనక పైవైపు సాగుతుంది. కాబట్టి కడ్డీలు పైవైపున ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరో తెలియక ఆ కడ్డీల మీద నడిచి వాటిని కిందికి తొక్కేస్తే, పైకి ఏమీ కనిపించదు. కాని సెంట్రింగు తీసిననాడో, తరవాత ఎవరైనా దాని మీద నిలబడిననాడో అది విరిగి పడుతుంది. "కడ్డీల మీద కాలు పెట్టకు!" అని మేస్త్రి అరిస్తే అది కోపం కాదు, జాగ్రత్త.

మరొక మాట "కవరు". ఇనుప కడ్డీకి బయట ఎంత మందాన కాంక్రీటు కప్పి ఉన్నదో అది కవరు. మామూలు ఇళ్ళలో స్లాబుకు సుమారు 20 మిల్లీమీటర్లు, స్తంభాలకు 40, పునాదికి 50 ఉండాలి. ఇంత లేకపోతే చెమ్మ లోపలికి పోయి కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది లోపల ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పాత భవనాల కప్పులో కడ్డీలు బయటపడి కనిపిస్తాయే, వాటికి పట్టిన జబ్బు సాధారణంగా ఇదే. కవరు సరిగా రావటానికి కడ్డీల కింద చిన్న చిన్న సిమెంటు బిళ్ళలు పెడతారు. వాటిని ఆటకు ఎత్తుకుపోకండి!

నీళ్ళు కట్టడం

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు నీళ్ళతో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. మధ్యలో నీళ్ళు ఎండిపోతే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. అందుకని స్లాబు పోసిన మరునాడు దాని మీద చిన్న చిన్న గట్లు కట్టి, వరిమడి లాగా నీళ్ళు నిలబెడతారు. దీన్నే "క్యూరింగు" అంటారు. కనీసం 7 రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు ఎక్కువగా వాడే మిశ్రమ సిమెంట్లకు 10 రోజులు కావాలి. ఇంతా చేస్తే కాంక్రీటు బలాన్ని లెక్కకట్టేది 28వ రోజున.

పోసేటప్పుడు మాత్రం నీళ్ళు ఎక్కువ కలపకూడదు. నీళ్ళు ఎక్కువైతే కాంక్రీటు సులభంగా జారుతుంది, పని తొందరగా తెములుతుంది. కాని ఆ నీళ్ళు ఆరిపోయిన చోట సన్నని రంధ్రాలు మిగిలి, బలం తగ్గుతుంది. మామూలు ఇంటి కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు మించరాదు. పోసేటప్పుడు పొదుపు, పోసిన తరవాత ధారాళం! నీళ్ళ విషయంలో ఇదే సూత్రం.

సెంట్రింగును ఎప్పుడు తీయాలో కూడా లెక్క ఉన్నది. నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పు గల స్లాబుకు గుంజలను కనీసం 7 రోజులు ఉంచాలి. అంతకు మించితే 14 రోజులు. పెద్ద దూలాలకు 21 రోజులు. అద్దె గుంజలు తొందరగా తిరిగి ఇచ్చెయ్యాలని ముందే పీకేస్తే, పచ్చి కాంక్రీటు తన బరువును తానే మోయలేక కూలవచ్చు. అట్లా కూలిన చోట్ల కింద పనిచేసేవాళ్ళు చనిపోయారు. కాబట్టి సెంట్రింగు కింద ఎన్నడూ ఆడుకోకండి. పెద్దలు కూడా తొందరపెట్టవద్దు.

కప్పు అయింది. చివరికి మేడ అంచు చుట్టూ "పిట్టగోడ" కడతారు. పిట్టలు వాలతాయి గనక ఆ పేరు వచ్చిందనుకుంటున్నారా? పిట్టకథ అంటే చిన్న కథ. అట్లాగే పిట్టగోడ అంటే పొట్టి గోడ. గోడ పొట్టిదే గాని, మీరు మేడ మీద గాలిపటం ఎగరేసేటప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

ఒక్క ఇంట్లో ఎన్ని దేశాలు!

"మేస్త్రి" పోర్చుగీసు వారి మాట. వాళ్ళ "మెస్త్రె" అంటే ఉపాధ్యాయుడు, పనిలో ఆరితేరినవాడు. "పునాది", "దర్వాజా" పారశీకం నుంచి వచ్చాయి. "ద్వారబంధం", "స్తంభం" సంస్కృతం. "సిమెంటు", "సెంట్రింగు" ఇంగ్లీషు. గడప, దూలం మన ఇంటి మాటలు. ఎక్కడ ఏ మంచి విద్య దొరికితే దాన్ని పేరుతో సహా తెచ్చుకుని మన మేస్త్రులు ఇళ్ళు కట్టారు.

ఇప్పుడు మీకు ఒక పని. గట్టి దారానికి ఒక బరువైన ఇనుప నట్టు కట్టండి. దారానికి పైన, నట్టుకు సమానమైన వెడల్పు గల అట్టముక్క గుచ్చండి. మీ గది గోడ తూకంలో ఉన్నదేమో చూడండి. తరవాత గది మూలలో నేలమీద ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలిచి, ఏటవాలుగా 5 వస్తుందేమో చూడండి. కొంచెం తేడా వస్తే కంగారు పడకండి. పూత మందంలో ఆ మాత్రం హెచ్చుతగ్గులు ఉంటాయి.

ఈసారి మీ వీధిలో పని జరిగేటప్పుడు, మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దవాళ్ళతో కలిసి వెళ్ళి, "మేస్త్రిగారూ, మీ తూకం గుండు ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. చాలామంది మేస్త్రులు ఈ విద్యను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు. తండ్రి పక్కన మాలు అందిస్తూ నేర్చుకున్నారు. ఆయన చెప్పే మాటల్లో ఇక్కడ లేనివి కొన్ని తప్పక ఉంటాయి. వాటిని మీ నోటుపుస్తకంలో రాసుకుని, ఒక్కొక్క మాటకూ "ఇట్లా ఎందుకు చేస్తారు?" అని ఆయననే అడిగి తెలుసుకోండి.